యథార్థచిత్రమున నుత్ప్రేక్ష: కువైటు నూనెబావుల మంటలు

1990 ఆగస్టు 2వ తేదీని ఇరాకు సేనలు కువైటు దేశము నాక్రమించెను. 1991 ఫిబ్రవరి నాటికి యుద్ధమున నోడి మరలిపోవుచు, ఆ సేనలు అచ్చటి నూనెబావులకు మందుగుండు పెట్టి పేల్చెను. అట్లు మండిన బావులు ఆరువందలకు పైబడినవి. పొగచే నట్టపగలు చీకటి క్రమ్మెను. పలుదేశముల నిపుణులు కువైటువారితో గూడి ఆ మంటలను ఒక్కొక్కటిగా నార్పి, 1991 నవంబరు 6వ తేదీని కడపటి బావిని మూసిరి. ఈ పనికి ఏండ్లు పట్టునని తొలుత పెక్కురు తలంచియుండిరి.

ఈ వృత్తాంతముపై వెలువడిన యథార్థచిత్రములలో రెండు విమర్శకుల దృష్టి నాకర్షింపదగినవి. యథార్థచిత్రమనగా నటులును కల్పితకథయు లేక, జరిగినదానిని జరిగినచోటనే పటమున కెక్కించి కూర్చిన చలనచిత్రము. అందొకటి జర్మను దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ నిర్మించిన ‘అంధకారపాఠములు’. రెండవది డేవిడ్ డగ్లస్ దర్శకత్వమున వెలువడిన ‘కువైటు మంటలు’. రెండును 1992వ సంవత్సరమునవే. వస్తువొక్కటియే యయ్యు మార్గములు వేరు. యథార్థమును చూపబూనిన కృతియందు కవికల్పనకు ఎంతవరకు అధికారము గలదను ప్రశ్నకు వీని తారతమ్యము చక్కని యుదాహరణము.

‘కువైటు మంటలు’ ఐమాక్స్ అను బృహత్పటమునకై తీయబడినది. ఇందు ప్రధానము పనివారు; వారి కార్యక్రమమే కథ. ఆ కార్యక్రమ మిట్టిది. మొదట ఇసుకలో పాతిపెట్టిన మందుపాతరలను, పేలక పడియున్న గుండ్లను ఏరివేయవలెను. పూర్వము నూనెను సముద్రతీరమునకు గొనిపోయిన గొట్టములగుండనే సముద్రజలమును వెనుకకు మరలించి బావుల చెంత మడుగులు నింపవలెను. ఆ నీటిధారల చాటున, రేకుల మరుగున, యంత్రములను మంటకడకు నడిపి, కరగి ముద్దయైన యినుమును తొలగింపవలెను. కొన్నియెడల నీటిచేతను, కొన్నియెడల ప్రేలుడుచేతను మంట నార్పుదురు. ప్రేలుడు మంటకు కావలసిన ప్రాణవాయువును హరించును. హంగరీవారు పాత యుద్ధశకటముపై రెండు జెట్టు విమానయంత్రములను నిలిపి, వాని గాలిచే నీటిని మంటపై చిమ్మిరి. మంట యారినంత మాత్రమున పని ముగియదు. ఎగజిమ్ము నూనెపై క్రొత్త మూత బిగింపవలెను. అసలైన అపాయ మప్పుడే. ఈ చిత్రము శాస్త్రగ్రంథమువలె విశదము. దాని గుణమును కొరతయు నదియే. ప్రేక్షకునకు తెలివి కలుగును గాని, ఇంతటి యగ్ని మనుష్యజాతి కేమి చెప్పుచున్నదను చింత కలుగదు.

‘అంధకారపాఠములు’ ఆ చింతకై పుట్టినది. పదుమూడు ఖండములుగా విభజింపబడిన యీ చిత్రము ఇంచుమించు గంటకు కొంచెము తక్కువ నడచును. ఇందు మాటలు తక్కువ. ఆకాశమునుండి తీసిన దృశ్యములును, వాగ్నర్, వెర్డి, మాలర్ మొదలగు పాశ్చాత్యుల సంగీతమును ఎక్కువ. వ్యాఖ్యాత యన్యలోకమునుండి వచ్చినవానివలె పలుకును. కువైటను పేరు గాని, ఇరాకను పేరు గాని చెప్పడు. మొదట ఫ్రెంచి తత్త్వవేత్త పాస్కల్ పేర నొక వాక్యము కనబడును. అది తాను వ్రాసినదే యని దర్శకుడే తరువాత నంగీకరించెను. చాటువులకు ప్రసిద్ధకవుల పేర్లు తగిలించు ఆచారము నెరిగిన ఆంధ్రపండితులకు ఇది వింత గాదు.

ఈ చిత్రము 1992లో బెర్లిను ఉత్సవమున ప్రదర్శింపబడినప్పుడు సభ్యులు కేకలు వేసి నిరసించిరి. ఘోరమును సుందరముగా జూపుట తప్పని వారి యాక్షేపము. డాంటే, గోయా మొదలగువారు చేసినదియు నదియే యని హెర్జోగ్ సమాధానము. ఈ వివాదమున దర్శకుని పక్షమే బలవత్తరము. భయానక బీభత్సములు రసములేయని భరతుడు నిర్ణయించియున్నాడు. ఘోరము కావ్యమున కెక్కినప్పుడు శోభించుట దోషమైనచో, భారతమునందలి ఖాండవదహనమును త్రోసివేయవలసియుండును.

రెండవ యాక్షేపము గట్టిది. దేశకాలనామములను తుడిచివేయుట న్యాయమా? ఇది సాధారణీకరణమే యని సమర్థింపవచ్చును. కాని అభినవగుప్తుడు సాధారణీకరణమునకు జూపిన యుదాహరణము శాకుంతలమునందలి పరుగిడు లేడి. అచ్చట లేడియు, రథమును, రాజును కన్నులయెదుట నుందురు. దేశకాలములు జారిపోవుట సామాజికుని హృదయమున జరుగును. విశేషము ముందు, సామాన్యము వెనుక. ఖాండవదహనమునందును, ఎగురనేరని పిల్లలకై తల్లడిల్లు జరిత యను పక్షి పేరుతో మాటలతో కనబడినప్పుడే యగ్ని కరుణమునకు విభావమగుచున్నది. 1992 నాటి ప్రేక్షకుడు వార్తలలో పేర్లన్నియు వినియుండెను గావున, చిత్రమున లేకున్నను వానిని తానే పూరించుకొనెను. మూడు దశాబ్దములు గడచిన పిమ్మట చూచువానికి ఆ సదుపాయము లేదు. కనుక నీ లోపము కాలముతో పెరుగునది.

అయినను చిత్రమున నిజమైన దోషము వేరొకచోట నున్నది. వ్యాఖ్యాత వాక్కంతయు నుత్ప్రేక్షామయము. నేలపై నిలిచిన నూనెమడుగులు ఆకాశమును ప్రతిఫలించుచుండగా, నూనె నీరువలె వేషము ధరింపజూచుచున్నదని యతడు పలుకును. ఇది రమ్యమైన కల్పన. నూనెకు మనసు లేదని యెల్ల రెరుగుదురు. కావున నెవ్వరును మోసపోరు. కాని చివరిభాగమున నొక దృశ్యము గలదు. మంట యారి నూనె మాత్రము ఎగజిమ్ముచున్న బావిని పనివారే మరల వెలిగింతురు. మంట లేని బ్రతుకు వారికి దుర్భరమైనదా యని వ్యాఖ్యాత ప్రశ్నించును. ఇప్పుడు ఆర్పుటకు మరల నేదో దొరకినది గావున వారు తృప్తులైరని ముగించును.

ఆలంకారికుల పరిభాషలో మొదటిది హేతూత్ప్రేక్ష, రెండవది ఫలోత్ప్రేక్ష. నిజమైన కారణము వేరు. మండక చిమ్ము నూనె మడుగులు గట్టును. దానితో వెలువడు వాయువు పరిసరముల వ్యాపించును. పొరుగుమంట సోకినచో దగ్గరనున్నవారు దగ్ధులగుదురు. మూతకు సర్వము సిద్ధమగువరకు దానిని తామే ముట్టించియుంచుట జాగ్రత్తయే గాని యున్మాదము గాదు. ‘వలె’, ‘కాబోలు’ మున్నగు వాచకములు లేకున్నను గమ్యోత్ప్రేక్ష సిద్ధించును గదా యని శంకింపరాదు. గమ్యోత్ప్రేక్షకు ప్రాణము, చెప్పినది కల్పితమని సహృదయునకు తెలియుట. ఈ పని మర్మ మెరుగని ప్రేక్షకునకు అది తెలియదు. తెలియనిచో నలంకారము అలంకారము గాక అపవాదమగును. నూనెపై మోపిన కల్పన నూనెను బాధింపదు. ప్రాణములొడ్డి పనిచేసిన మనుష్యులపై మోపిన కల్పన వారి కీర్తిని హరించును.

ఇంత చెప్పియు నీ చిత్రమును త్రోసిపుచ్చరాదు. ఇందిరువురు తల్లులు కనబడుదురు. ఒకతె, కన్నులయెదుటనే కొడుకులను హింసించి చంపగా మాట పడిపోయినది. చెప్పబోయి చెప్పలేక సైగ చేయును. వేరొకతె యొడిలోని బాలుడు, సైనికుడు తలపై కాలు మోపిన పిమ్మట పలుకుట మానినాడు. అచ్చట దర్శకుడు కల్పన విడిచి యూరకుండెను. ఆ మౌనమున కరుణము పూర్ణముగా నిష్పన్నమైనది. జరితను వినిపించిన కవిమార్గ మిదియే. తల్లుల కిచ్చిన యీ మర్యాద పనివారికిని ఇచ్చియుండినచో, శాస్త్రవిశదమైన రెండవ చిత్రముకంటె నిది సర్వవిధముల నుత్తమమై యుండెడిది.

యథార్థచిత్రకారుడు కవి గావచ్చును. కాని యతని పాత్రలు బ్రదికియున్న మనుష్యులు. అచేతనములయెడ నతనికి గల స్వాతంత్ర్యము వారియెడ లేదు. ఈ భేదమును పాటించుటయే ఈ జాతి కృతులయందు ఔచిత్యమని చెప్పదగియున్నది. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన జూచి విజ్ఞులు పరిశీలింతురు గాక.