పన్నెండు సేనలు

కథను బిగించాలంటే పాత్రకున్న దారులన్నీ మూసెయ్యాలని నమ్మి చాలాకాలం రాశాను. ఊరొదలక తప్పదు, చావక తప్పదు, పాఠకుడు ఒప్పుకోక తప్పదు. ఆ నమ్మకాన్ని కదిలించింది మత్తయి సువార్త 26వ అధ్యాయం.

గెత్సేమనే తోటలో యేసు సాగిలపడి, సాధ్యమైతే ఈ గిన్నె తొలగించమని తండ్రిని వేడుకుంటాడు. మరో దారి ఉందా అని నిజంగా అడుగుతున్నాడు. కాసేపటికే పట్టుకోవడానికి మనుషులొస్తారు, శిష్యుడొకడు కత్తి దూస్తాడు. దాన్ని ఒరలో పెట్టమని చెబుతూ యేసు అనే మాట నన్ను ఆపేస్తుంది: తాను అడిగితే తండ్రి పన్నెండు సేనలకు మించి దూతలను పంపుతాడట. వెంటనే, మరి లేఖనాలు ఎలా నెరవేరతాయని అడుగుతాడు. తప్పించుకునే దారి ఉందని తెలిసిన మనిషి అక్కడే నిలబడ్డాడు.

సిలువ కాక మరో దారి ఉందా అనే ప్రశ్న దగ్గర వేదాంతులూ ఆగారు. పాపపు అప్పు తీర్చాల్సింది మనిషి, తీర్చగలవాడు దేవుడొక్కడే, కనుక దేవుడు మనిషి కాక తప్పదని 11వ శతాబ్దం చివర్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ వాదించాడు. గొప్ప తర్కం, ఎక్కడా సందు లేదు. నా మనసు మాత్రం 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ వైపే మొగ్గుతుంది. దేవుడికి పైన మరో న్యాయాధిపతి లేడు, ఊరికే క్షమించినా ఎవరికీ అన్యాయం జరగదు, అయినా మనిషికి ఇంతకంటే తగిన మార్గం లేదంటాడాయన. అక్కడ సిలువ ప్రేమగా కనిపిస్తుంది నాకు.

ఇదే తేడా సినిమాల్లోనూ కనిపిస్తుంది. 'అవెంజర్స్' సినిమాల్లో డాక్టర్ స్ట్రేంజ్ అనే పాత్ర 1,40,00,605 భవిష్యత్తులు చూస్తాడు. గెలిచేది ఒక్కదాంట్లోనే. ఆ లెక్క ఉత్కంఠ పెంచుతుంది, కానీ కన్నీళ్లు దానికి రావు. 2019లో వచ్చిన 'ఎండ్‌గేమ్'లో టోనీ స్టార్క్‌కి సరస్సు పక్కన ఇల్లుంది, చిన్న కూతురుంది. తోటివాళ్లు పిలిస్తే మొదట రానన్నాడు కూడా. ఆ ఇల్లు చూపించారు కాబట్టే చివర్లో అతను ప్రాణమివ్వడం మనకు బరువవుతుంది.

ఇప్పుడు నా రాతప్రతిలో త్యాగం చేసే పాత్ర కనబడితే వెనక్కి తిప్పి చూస్తాను. వెళ్లిపోవడానికి ఆమె దగ్గర డబ్బుందా? రమ్మని పిలిచే మనిషున్నాడా? లేకపోతే ముందు అవి రాస్తాను, ఆ తర్వాతే త్యాగం జోలికి వెళతాను.