పాట విడిచిన చోట అడుగు: సోల్ సంగీత బృందాల రంగస్థల నృత్యం

వ్యాససంగ్రహం:
1960, 70 దశకాల్లో అమెరికాలో వెలుగొందిన నల్లజాతి సోల్ సంగీత బృందాలకు పాటతో పాటు ఆట కూడా కీర్తి తెచ్చింది. వాటిలో ఎవరి నృత్యం ఉత్తమమైనదన్న ప్రశ్నకు సాధారణంగా విన్యాసాల కష్టాన్ని బట్టి సమాధానం చెబుతుంటారు. పాడుతూ ఆడేవారి నృత్యానికి ఆ కొలమానం చాలదని, పాటకూ అడుగుకూ మధ్య ఉన్న సంబంధమే ప్రధాన ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫేమస్ ఫ్లేమ్స్, టెంప్టేషన్స్, పిప్స్ అనే మూడు బృందాలను ఆ ప్రమాణంతో పరిశీలించి, పిప్స్‌కు అగ్రస్థానం ఇవ్వడం ఎందుకు సమంజసమో చర్చిస్తుంది.

కీలకపదాలు: సోల్ సంగీతం, మోటౌన్, చాలీ అట్కిన్స్, గాత్రనృత్యం, వంత, టెంప్టేషన్స్, పిప్స్.

1. ఉపోద్ఘాతం:
నల్లజాతి చర్చిలలోని గాస్పెల్ గానం, రిథమ్ అండ్ బ్లూస్ కలిసిన చోట సోల్ సంగీతం రూపుదిద్దుకుంది. ఈ సంగీత బృందాల నిర్మాణం చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. ప్రధాన గాయకుడు లేదా గాయని ముందు నిలుస్తారు. మిగిలిన ముగ్గురో నలుగురో వంత పాడతారు. ఆ వంత పాడేవారే వేదిక మీద ఆడతారు కూడా.

ఈ కళ చరిత్ర ఎక్కువగా గ్రామఫోన్ రికార్డుల ఆధారంగా రాయబడింది. ఏ పాట ఏ సంవత్సరంలో విడుదలైంది, అమ్మకాల పట్టికలో ఎన్నో స్థానానికి చేరింది అన్న వివరాలు సులభంగా దొరుకుతాయి. రికార్డులో గొంతు వినిపిస్తుంది గాని అడుగు కనిపించదు. అందువల్ల నృత్యం అలంకారప్రాయంగా మిగిలిపోయింది. దానిని రచించినవారి పేర్లు రికార్డు అట్టల మీదికి ఎక్కలేదు. కాబట్టి ఏది ఉత్తమ నృత్యమన్న ప్రశ్న అభిరుచికి మాత్రమే సంబంధించినది కాదు. ఎవరి శ్రమను కళగా గుర్తించాలి అన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది.

2. ప్రమాణ చర్చ:
సోల్ బృందంలోని నర్తకుడు గాయకుడు కూడా. అతని ముందున్న మైకు స్టాండుకు బిగించి ఉంటుంది, దాని తీగ నేల మీద పరచుకొని ఉంటుంది. తన వంతు స్వరం వచ్చే క్షణానికి అతని నోరు మైకు దగ్గర ఉండి తీరాలి. అప్పటికి ఊపిరి కూడా నిలకడగా ఉండాలి. ఎగిరి దూకి ఆయాసపడితే స్వరమేళనం చెదురుతుంది. ఈ పరిమితులను పక్కన పెట్టి, వేగం, గిరికీలు, కాళ్లు చాపి నేలమీద కూలబడి లేవడం వంటి వాటితోనే నృత్యాన్ని కొలిస్తే ఆ కళ స్వభావమే అర్థం కాదు.

అందువల్ల మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, అడుగు గానానికి ఊపిరిని మిగిల్చిందా? రెండవది, దేహంలోని లయ గొంతులోని లయను తిరిగి చెబుతోందా, లేక దానికి మరొక లయను జోడిస్తోందా? మూడవది, ప్రేక్షకుడి దృష్టిని నృత్యం ఎటు నడిపిస్తోంది?

భారతీయ నాట్యశాస్త్ర పరిభాషలో చూస్తే ఈ నృత్యంలో అధిక భాగం నృత్తానికి దగ్గరగా ఉంటుంది. అక్కడక్కడ మాత్రమే ఒక హస్తచలనం పాటలోని అర్థాన్ని సూచిస్తుంది. ఈ పోలిక అవగాహనకు ఉపకరిస్తుందే తప్ప, రెండు సంప్రదాయాల మధ్య చారిత్రక సంబంధాన్ని చెప్పదు.

3. చాలీ అట్కిన్స్: ట్యాప్ నుండి గాత్రనృత్యానికి:
పై మూడు ప్రశ్నలకు ఆచరణలో సమాధానాలు వెతికిన వ్యక్తి చాలీ అట్కిన్స్. 1913లో అలబామాలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పెరిగిన ఆయన ట్యాప్ నర్తకుడు. హోనీ కోల్స్‌తో కలిసి జంటగా ప్రదర్శనలిచ్చాడు. నిండైన దుస్తులు, తొణకని నడక, ఇద్దరి మధ్య వెంట్రుకవాసి తేడా లేని పొందిక వారి ప్రత్యేకత. ఇటువంటి జంటలను అమెరికా రంగస్థల పరిభాషలో 'క్లాస్ యాక్ట్' అంటారు.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ట్యాప్ నర్తకులకు అవకాశాలు తగ్గిపోయాయి. అదే కాలంలో వీధి మలుపుల్లో పాడుకుంటూ ఎదిగిన యువ గాయక బృందాలు న్యూయార్క్‌లోని అపోలో వంటి థియేటర్లకు రాసాగాయి. వారికి పాడటం వచ్చు గాని వేదిక మీద నిలబడటం, నడవడం, నమస్కరించి నిష్క్రమించడం తెలియదు. 1950ల మధ్యలో కెడిలాక్స్ బృందానికి అట్కిన్స్ ఇచ్చిన శిక్షణ ఈ కొత్త వృత్తికి తొలి మెట్టు. 1960ల మధ్యలో ఆయన డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థలో చేరాడు. బెర్రీ గోర్డీ స్థాపించిన ఆ సంస్థలో కళాకారుల శిక్షణకు ప్రత్యేక విభాగం ఉండేది. అక్కడ మ్యాక్సిన్ పావెల్ నడవడికను, మారిస్ కింగ్ సంగీతాన్ని, అట్కిన్స్ నృత్యాన్ని నేర్పేవారు.

తన పద్ధతికి అట్కిన్స్ పెట్టుకున్న పేరును తెలుగులో 'గాత్రనృత్యం' అనవచ్చు. పాట విరామమిచ్చిన చోట అడుగు కదలాలి, స్వరం రావలసిన చోటికి దేహం తిరిగి రావాలి. గొంతు ఒక లయలో సాగుతుంటే పాదాలు మరొక లయను పలకాలి. నేల మీద ట్యాప్ బూట్లు చేసిన పనిని ఇక్కడ మెత్తని బూట్లు, భుజాలు, చేతులు చేశాయి. ఆ విధంగా ఉపాధి కోల్పోయిన ఒక కళ తన వ్యాకరణాన్ని మరొక కళకు అప్పగించింది.

4. ఫేమస్ ఫ్లేమ్స్: ఉద్వేగానికి సాక్షులు:
విన్యాసమే ప్రమాణమైతే జేమ్స్ బ్రౌన్‌కు సాటి రాగలవారు అరుదు. 1964లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో చిత్రీకరించిన 'టామి షో'లో బ్రౌన్, ఫేమస్ ఫ్లేమ్స్ ఇచ్చిన ప్రదర్శన దీనికి ప్రసిద్ధ నిదర్శనం. బ్రౌన్ వేదనతో మోకాళ్ల మీద కూలిపోతాడు. అతని భుజాల మీద పై వస్త్రం కప్పి లేవదీసి లోపలికి నడిపిస్తారు. అతడు దానిని విదిలించుకొని మళ్లీ మైకు దగ్గరకు వస్తాడు.

ఆ ఘట్టంలో బాబీ బర్డ్, బాబీ బెన్నెట్, లాయిడ్ స్టాల్‌వర్త్‌ల పాత్రను గమనించాలి. బ్రౌన్ ఎంత తీవ్రంగా కదిలితే వారు అంత నిలకడగా వంతను కొనసాగిస్తారు. ఆ నిలకడ లేకపోతే అతని పతనం పతనంగా కనిపించదు. చర్చిలో ఆవేశానికి లోనైన భక్తుడిని తోటివారు పట్టుకొని నిలబెట్టే దృశ్యాన్ని ఇది స్ఫురింపజేస్తుంది. అయినా ఈ ప్రదర్శన ఒక వ్యక్తి చుట్టూ అల్లుకున్నది. బృందనృత్యంగా దాని పరిధి పరిమితం. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బ్రౌన్‌ను 1986లోనే చేర్చుకుంది. ఫ్లేమ్స్‌కు ఆ గౌరవం 2012లో గాని దక్కలేదు. వంత పాడేవారి పట్ల చరిత్ర చూపిన ఉపేక్షకు ఈ 26 ఏళ్ల వ్యవధి ఒక కొలత.

5. టెంప్టేషన్స్: వరుసలోని సౌందర్యం:
ఉత్తమ నృత్యబృందం ఏదని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు టెంప్టేషన్స్. ఓటిస్ విలియమ్స్, మెల్విన్ ఫ్రాంక్లిన్, పాల్ విలియమ్స్, ఎడ్డీ కెండ్రిక్స్, డేవిడ్ రఫిన్ కలిసిన 1964-68 మధ్య కాలాన్ని ఈ బృందపు స్వర్ణయుగంగా భావిస్తారు. పొడగరులైన అయిదుగురు ఒకే రంగు సూట్లలో వరుసగా నిలబడటమే ఒక దృశ్యం. ఆ ఎత్తు వల్ల మోచేతి చిన్న వంపు కూడా చివరి వరుసలోని ప్రేక్షకుడికి గీత గీసినట్లు కనిపిస్తుంది.

ఈ నృత్యాన్ని అట్కిన్స్ ఒక్కడి సృష్టిగా చెప్పడం సరికాదు. ఆయన రాకముందే బృందానికి అడుగులు కూర్చినవాడు పాల్ విలియమ్స్. 'టెంప్టేషన్ వాక్' అని పేరుపొందిన నడక ఆయనదే. అట్కిన్స్ దానికి క్రమశిక్షణ జోడించాడు. విలియమ్స్ సమకూర్చిన కండగల సొగసుకు అట్కిన్స్ ట్యాప్ వేదిక మర్యాద తోడైంది. 1973లో 34 ఏళ్ల వయసులోనే మరణించిన విలియమ్స్‌ను గాయకుడిగా తలచుకున్నంతగా నృత్యకారుడిగా తలచుకోకపోవడం విచారకరం.

డేవిడ్ రఫిన్ మైకును పైకి విసిరి పట్టుకోవడం, కాళ్లు చాపి కిందికి జారి లేవడం వంటివి ప్రేక్షకులను ఉర్రూతలూగించాయి. అయితే అటువంటి క్షణాల్లో దృష్టి విన్యాసం మీదికి మళ్లి పాట వెనుకబడుతుంది. 1968లో వచ్చిన 'క్లౌడ్ నైన్' నాటి నుండి అయిదుగురూ వంతులవారీగా ప్రధాన గానం అందుకునే పద్ధతి బలపడింది. ముందు, వెనుక అన్న అమరిక క్షణక్షణం మారింది. ఆ మార్పు సంగీతపరంగా సాహసమే. కానీ పలుకుకూ ప్రతిపలుకుకూ మధ్య ఉండే స్థిరమైన అంతరం తగ్గి, నృత్యానికి ఆసరాగా ఉన్న నిర్మాణం సడలింది.

6. పిప్స్: వంతకు దక్కిన వాచకం:
అట్లాంటాకు చెందిన గ్లాడిస్ నైట్ అండ్ ది పిప్స్ కుటుంబ బృందం. మెరాల్డ్ నైట్ గ్లాడిస్‌కు అన్న. ఎడ్వర్డ్ పాటెన్, విలియం గెస్ట్ బంధువులు. వీరు 1966లో మోటౌన్‌లో చేరారు, 1973లో బయటికి వచ్చారు. అట్కిన్స్ శిక్షణ మాత్రం అంతకుముందే ప్రారంభమైంది.

ఈ బృందంలో పాట నిర్మాణమే నృత్యాన్ని కోరుతుంది. గ్లాడిస్ ఒక వాక్యం పాడి ఆగుతుంది. ఆ ఖాళీలోకి ముగ్గురు పురుషులు ఒక మాటతో, ఒక మలుపుతో ప్రవేశిస్తారు. 1973 నాటి 'మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా'లో రైలు కూతను పలికేటప్పుడు చేయి పైకెత్తి తాడు లాగినట్లు చేసే అభినయం సుప్రసిద్ధం. అది క్షణకాలమే కనిపిస్తుంది. వెంటనే పాదాలు మళ్లీ శుద్ధ లయలోకి వెళ్లిపోతాయి. అర్థాన్ని సూచించి వదిలేయడమే తప్ప సాగదీయకపోవడంలో వారి సంయమనం ఉంది. గ్లాడిస్ దాదాపు నిలిచిన చోటనే నిలిచి పాడుతుంది. ఆమె నిశ్చలతకు వారి చలనం చట్రమవుతుంది. ఒక స్త్రీ గొంతు మీద దృష్టి నిలవడానికి ముగ్గురు పురుషులు తమ దేహాలను వినియోగించడం ఆనాటి వేదిక మీద అరుదైన అమరిక.

1977లో హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ టెలివిజన్ కార్యక్రమంలో పిప్స్ ముగ్గురూ గ్లాడిస్ లేకుండా కనిపించారు. తమ వంతలు మాత్రమే పాడి, తమ అడుగులు మాత్రమే వేశారు. ప్రధాన గానం ఉండవలసిన చోట ఖాళీ మైకు ఉంది. అది నవ్వించడానికి చేసిన ప్రదర్శనే అయినా విమర్శకుడికి విలువైన సాక్ష్యం. ప్రధాన గొంతు తీసేసినా ఆ నృత్యం కూలిపోలేదు. పైగా, తీసేసిన గొంతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వారి కదలికలే చెప్పాయి. పాటను అంత సంపూర్ణంగా తనలో దాచుకున్న నృత్యమే ఈ వ్యాసం ప్రతిపాదించిన ప్రమాణానికి నిలుస్తుంది.

తెలుగులో 'వంతపాడటం' అన్న మాటకు ఇతరులు చెప్పినదానికి తలూపడమన్న చులకన అర్థం స్థిరపడింది. బుర్రకథలో హాస్యం, రాజకీయం చెప్పే పక్క కథకులను చూసినవారికి వంత ఎంత బరువు మోస్తుందో తెలుసు. పిప్స్ విషయంలోనూ ఆ ఎరుక అవసరం.

7. ఒక ఆక్షేపణ:
మోటౌన్ శిక్షణ నల్లజాతి యువకుల దేహాలను శ్వేతజాతి ప్రేక్షకులకు నచ్చేలా మలిచిందన్న విమర్శ ఉంది. సంస్థ ఆశించిన విపణి రీత్యా ఈ విమర్శను తోసిపుచ్చలేం. ఖరీదైన నైట్‌క్లబ్బులలో ప్రవేశం ఆ శిక్షణ లక్ష్యాలలో ఒకటి. అయితే ఆ హుందాతనం మోటౌన్ కనిపెట్టినది కాదు. నల్లజాతి ప్రేక్షకుల ముందు, నల్లజాతి థియేటర్లలో దశాబ్దాల పాటు పెరిగిన క్లాస్ యాక్ట్ సంప్రదాయం నుండి అది వచ్చింది. పిప్స్ మోటౌన్‌కు ముందే అట్కిన్స్ దగ్గర నేర్చుకోవడం ఇందుకు బలమైన ఆధారం. కొనుగోలుదారు ఎవరైనా ఆ అడుగుల వంశవృక్షం నల్లజాతి రంగస్థలానిదే.

8. ముగింపు:
వేదికను శాసించిన వ్యక్తిగత శక్తిలో జేమ్స్ బ్రౌన్, సమూహ రూపసౌందర్యంలోనూ తర్వాతి తరాల మీద ప్రభావంలోనూ టెంప్టేషన్స్ ముందుంటారు. పాడుతూ ఆడటం అనే కళను దాని సొంత నియమాలతో కొలిస్తే మాత్రం పిప్స్‌కే అగ్రస్థానం. ఊపిరి, లయ, దృష్టి అనే మూడు అంశాలలోనూ వారి అడుగు పాటకు లోబడుతూనే పాటను వెలిగిస్తుంది.

అమెరికా కాపీరైట్ చట్టంలో నృత్యరచనను ప్రత్యేక కృతిగా స్పష్టంగా పేర్కొన్నది 1976లో. ఈ బృందాల ప్రసిద్ధ నృత్యాలు చాలావరకు అప్పటికే పుట్టాయి. అట్కిన్స్‌కు 1989లో 'బ్లాక్ అండ్ బ్లూ' నాటకానికి మరి ముగ్గురితో కలిసి టోనీ పురస్కారం లభించింది. 2001లో ఆయన ఆత్మకథ 'క్లాస్ యాక్ట్' జాకీ మలోన్ సహరచనలో వెలువడింది. రెండేళ్ల తర్వాత ఆయన కన్నుమూశాడు. ఆయనకు ఆలస్యంగానైనా గుర్తింపు దక్కింది. పాల్ విలియమ్స్, పిప్స్ వంటి వారి నృత్యాన్ని పాటకు అనుబంధంగా కాక ఒక రచనగా చదవడం పరిశోధకుల ముందున్న బాధ్యత. గాయకబృందాల చరిత్రను రికార్డుల పట్టికతో పాటు చలనచిత్ర, టెలివిజన్ దృశ్యాల ఆధారంగా కూడా రాసినప్పుడే అది నెరవేరుతుంది.