పిల్లల కథారచన - మనఃస్వాస్థ్యం

బడిలో పిల్లలచేత కథలు వ్రాయిస్తే వారి మనసులోని బరువు తగ్గుతుందన్న మాట విద్యాగ్రంథాలలోను, ఉపాధ్యాయ శిక్షణ తరగతులలోను వినవస్తున్నది. దుఃఖాన్ని లోపల అణచుకొన్న పిల్లవాడు దానిని కాగితంమీద పెట్టగానే కుదుటపడతాడని, కనుక కథారచన ఒక విధమైన చికిత్స అని కొందరి వాదం. ఈ మాట వినడానికి ఇంపుగా ఉన్నది. పైగా ఖర్చు లేని పని. కాగితం, కలం ఉంటే చాలును. అయితే ఇంపైన మాటలన్నీ నిజమైన మాటలు కావు. ఇందులో ఋజువైనది ఎంత, ఆశ మాత్రమే అయినది ఎంత అన్నది వేరుచేసి చూడవలసి ఉన్నది. ఎందుకంటే ఇక్కడ ప్రయోగానికి గురి అయ్యేది గాజుగొట్టంలోని ద్రావణం కాదు, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల మనసు.

వాదానికి మూలం

ఈ వాదానికి శాస్త్రీయమైన ఆధారంగా సాధారణంగా చూపేది 1986లో వెలువడిన ఒక ప్రయోగం. అమెరికాలో డల్లాస్ నగరంలోని సదరన్ మెథడిస్టు విశ్వవిద్యాలయంలో జేమ్స్ పెన్నిబేకర్, సాండ్రా బీల్ అనే పరిశోధకులు 46 మంది కళాశాల విద్యార్థులను తీసుకొని, వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు వ్రాయించినారు. కొందరిని ఏదో ఒక సామాన్య విషయం వ్రాయమన్నారు. తక్కినవారిని తమ జీవితంలో తమను బాగా కలచివేసిన సంఘటనను గురించి వ్రాయమన్నారు. వీరిలో ఒక వర్గంవారు జరిగినది మాత్రమే, మరొక వర్గంవారు దానివల్ల కలిగిన భావాలు మాత్రమే, ఇంకొక వర్గంవారు రెండింటినీ కలిపి వ్రాసినారు.

ఫలితం విచిత్రంగా కనిపించింది. రెండింటినీ కలిపి వ్రాసినవారికి వ్రాసిన వెంటనే ఉపశమనం కలుగలేదు సరికదా, రక్తపు పోటు కొంచెం పెరిగింది, మనసు మరింత వికలమైంది. కాని తరువాతి ఆరు మాసాలలో వారు విశ్వవిద్యాలయపు ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళినారు. జరిగినది మాత్రమే వ్రాసినవారిలో ఇట్టి మేలు కనిపించలేదు.

దీనికి కారణం ఏమి? మనసులో ఉన్నది కక్కివేయడమే మందు అయితే వ్రాసిన వెంటనే తేలికపడవలసి ఉన్నది. అట్లు జరుగలేదు. 1997లో పెన్నిబేకర్, ఆయన సహచరులు ఇట్టి రచనలలోని మాటలను లెక్కించి చూసినారు. ‘అందువల్ల’, ‘ఎందుకంటే’ వంటి కారణాన్ని తెలిపే మాటలు, ‘అర్థమైంది’, ‘తెలిసివచ్చింది’ వంటి గ్రహింపును తెలిపే మాటలు మొదటి రోజుకంటె చివరి రోజున పెరిగినవారికే మేలు ఎక్కువగా కలిగిందని తేలింది. అనగా చెల్లాచెదరుగా ఉన్న అనుభవం ఒక క్రమానికి వచ్చినప్పుడు, దానికి ఆది, మధ్యం, అంతం ఏర్పడినప్పుడు, మనసుకు అది మోయదగిన బరువు అవుతున్నది. అనుభవం కథగా మారడమే ఇక్కడ జరిగిన పని. కథారచన చికిత్స అనేవారికి ఇంతకంటె అనుకూలమైన సాక్ష్యం లేదు.

మేలు ఎంత?

అయితే మేలు ఉన్నది అనడం వేరు, ఎంత ఉన్నది అని కొలవడం వేరు. 2006లో జోఆన్ ఫ్రాటరోలీ అనే పరిశోధకురాలు ఇట్టి 146 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కకట్టినది. వ్రాయడానికీ, కలిగిన మేలుకూ గల సంబంధం సగటున 0.075 అని వచ్చింది. ఈ కొలతలో సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం ఉన్నది. కనుక మేలు ఉన్న మాట నిజమే గాని అది చాలా స్వల్పం. 2015లో కౌమార వయస్సులోని వారిపై జరిగిన 21 అధ్యయనాలను అదే విధంగా చేర్చి చూసినప్పుడు కూడా స్వల్పమైన మేలే తేలింది.

వయస్సు తగ్గినకొద్దీ చిక్కు ఎక్కువవుతున్నది. 2007లో రాబిన్ ఫైవుష్, ఆమె సహచరులు తొమ్మిది మొదలు పదమూడేళ్ళ లోపు పిల్లలతో మూడు రోజులు వ్రాయించి చూసినారు. కొందరు తమ మనసును కదిలించిన సంగతులు వ్రాసినారు, కొందరు దినచర్య వ్రాసినారు. మొదటి వర్గానికి రెండవ వర్గంకంటె ఎక్కువ మేలేమీ కలుగలేదు. పెద్దవారు తమ దుఃఖాన్ని వ్రాస్తూ వ్రాస్తూ తామే దానికి ఒక క్రమం కల్పించుకోగలరు. ఆ నేర్పు పిల్లలలో ఇంకా రూపుదిద్దుకొంటూ ఉంటుంది. తోడు లేకుండా దుఃఖంలోకి దింపితే పిల్లవాడు దానిలోనే తిరుగుతూ ఉండిపోవచ్చును.

పరీక్షల భయం విషయంలోనూ ఇట్టి హెచ్చరికే ఉన్నది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను గురించి వ్రాసిన విద్యార్థులు మంచి మార్కులు తెచ్చుకొన్నారని 2011లో చికాగోకు చెందిన ఇద్దరు పరిశోధకులు ప్రకటించగా ఎంతో ప్రచారం లభించింది. సుప్రసిద్ధ శాస్త్ర పత్రికలలో వచ్చిన 21 ప్రయోగాలను మరల చేసి చూసిన ఒక బృందం 2018లో తన ఫలితాలను వెల్లడించింది. మొదటి ఫలితం తిరిగి రాని ఎనిమిది ప్రయోగాలలో ఇది ఒకటి. ఒక్క ప్రయోగాన్ని నమ్మి బడిలో పద్ధతులు మార్చరాదని దీనివల్ల తెలుస్తున్నది.

‘అనగనగా’ చేసే ఉపకారం

ఇంతవరకు చెప్పినవన్నీ తమ సొంత అనుభవాన్ని వ్రాసినవారిని గురించినవి. కల్పిత కథ సంగతి ఏమి? దీనికి జవాబు చెప్పే ప్రయోగం ఒకటి ఉన్నది. 1996లో మెలనీ గ్రీన్‌బర్గ్, ఆమె సహచరులు గతంలో తీవ్రమైన కష్టానికి గురి అయిన కళాశాల విద్యార్థినులను మూడు వర్గాలు చేసినారు. ఒక వర్గం తమకు నిజంగా జరిగినది వ్రాసింది. రెండవ వర్గం తమకు జరుగని ఒక కష్టాన్ని తమకే జరిగినట్లు ఊహించి వ్రాసింది. మూడవది సామాన్య విషయాలు వ్రాసింది. తరువాతి నెలలో మొదటి రెండు వర్గాలవారూ వైద్యునివద్దకు తక్కువసార్లు వెళ్ళినారు. కాని నిజం వ్రాసినవారిలో అలసట, ఆ సంగతిని తప్పించుకొని తిరగడం ఎక్కువగా కనిపించగా, ఊహించి వ్రాసినవారిలో ఆ బాధ అంతగా లేదు.

మన పెద్దలకు ఈ రహస్యం అనుభవంవల్ల తెలిసినదే. ‘అనగనగా ఒక ఊళ్ళో’ అన్న మాటతో కథ మొదలవుతుంది. ఆ ఊరు మన ఊరు కాదు, ఆ రాజు మన నాయన కాదు. అందుచేత రాజు కోపిష్ఠివాడని, రాణి ఏడ్చిందని పిల్లవాడు ధైర్యంగా చెప్పగలడు. కథ ముగిసినప్పుడు ‘కథ కంచికి, మనం ఇంటికి’ అంటారు. చీకటి అడవిలోకి వెళ్ళిన పిల్లవానిని చేయి పట్టుకొని ఇంటికి తీసుకువచ్చే మాట అది. ‘నీ కష్టం వ్రాయి’ అని అడిగే ఉపాధ్యాయునికంటె, ‘దారి తప్పిన దూడ కథ వ్రాయి’ అని అడిగే ఉపాధ్యాయుడు పిల్లవానికి ఎక్కువ రక్షణ ఇస్తున్నాడు. వ్రాయడం, వ్రాయకపోవడం, ఎంతవరకు చెప్పడం అన్నది పిల్లవాని చేతిలోనే ఉంటుంది.

ప్రయోగశాలకు, బడికి మధ్య

ఈ వాదంలోని అన్నిటికంటె బలహీనమైన మెట్టు ఇక్కడ ఉన్నది. ప్రయోగాలలో వ్రాసినవారికి అక్షరదోషాలను, వ్యాకరణాన్ని గురించి చింత వద్దని ముందే చెప్పినారు. వ్రాసినది గోప్యంగా ఉంటుందన్నారు. ఎవరూ దిద్దలేదు, ఎవరూ మార్కులు వేయలేదు. బడిలో జరిగేది దీనికి సరిగా వ్యతిరేకం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తెలుగు వాచకాలలో ‘సృజనాత్మకత’ అనే శీర్షిక క్రింద కథ వ్రాయమనే అభ్యాసాలు ఉన్నవి. మంచిదే. కాని ఆ కథపై పిల్లవాని పేరు ఉంటుంది, దానిని ఉపాధ్యాయుడు చదువుతాడు, దిద్దుతాడు, మార్కు వేస్తాడు. తల్లి చనిపోయిన ఒక బాలిక తల్లికోసం వెదకే పిచ్చుకపిల్ల కథ వ్రాసిందనుకొందాం. ‘పిచ్చుక’ అన్న మాటలో చకారానికి వత్తు లేదని ఎర్రసిరాతో సున్న చుట్టి, పదింటికి నాలుగు మార్కులు వేసి ఇస్తే ఆ బాలిక నేర్చుకొనేది వత్తు కాదు; మనసులోని మాట వ్రాయరాదని నేర్చుకొంటుంది. ప్రయోగాలలో కలిగిన స్వల్పమైన మేలును చూపి, దాని షరతులన్నిటినీ వదలివేసిన పద్ధతికి కూడ అదే మేలు కలుగుతుందని చెప్పడం శాస్త్రం కాదు.

చదివేవాడు లేని ప్రయోగశాలకు, చదివేవాడు ఉండితీరవలసిన బడికి ఎట్లా పొందిక కుదరాలి? దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 1859లో తన గ్రామం యాస్నయా పొల్యానాలో రైతుబిడ్డలకు బడి పెట్టినాడు. ఒక సామెతకు కథ అల్లుదామని ఆయన పిల్లలతో కలిసి కూర్చున్న వైనాన్ని 1862లో ఒక వ్యాసంలో వర్ణించినాడు. ఆయన మొదట తానే కొంత వ్రాసినాడు. పిల్లలు దానిని మెచ్చలేదు, తప్పులు పట్టినారు. తరువాత ఫెద్కా, సెమ్కా అనే బాలురు కథ చెప్పసాగినారు, ఆయన వ్రాయసకాడైనాడు. ఒక పాత్రకు ఆడవారి కోటు తొడిగించాలని ఫెద్కా చెప్పిన చిన్న వివరం కూడ ఆయనకు ఎంతో ముచ్చట గొలిపింది.

పల్లెపిల్లల కళ తన కళను మించినదని టాల్‌స్టాయ్ చేసిన నిర్ణయంలో ఉత్సాహం ఎక్కువ, ఋజువు తక్కువ. చికిత్స చేస్తున్నానని ఆయన అనలేదు కూడా. కాని ఆ గదిలో పిల్లలకు దొరికినది ఏమిటో గమనించదగినది. వారి మాటను తూచడానికి కాక వినడానికి కూర్చున్న పెద్దవాడు దొరికినాడు. పైగా ఆయన కూడ వ్రాసి, తన వ్రాతను వారి విమర్శకు ఒప్పగించినాడు. పిల్లలకు కావలసిన తోడు అంటే ఇదే.

కథను తప్పుగా చదవడం

దీనికి రెండవ అంచు కూడ ఉన్నది. మార్కులు వేయడం ఒక తప్పయితే, ప్రతి కథలోను రోగం వెదకడం మరొక తప్పు. రాక్షసుడు ఊరంతా తగలబెట్టినట్లు వ్రాసిన ప్రతి బాలుని మనసులో నిప్పు ఉన్నదని అనుకోరాదు. వాడు నిన్న చూసిన సినిమా అయి ఉండవచ్చును, వాడికి రాక్షసుడంటే సరదా అయి ఉండవచ్చును. ఒక కథను చూసి పిల్లవాని మనఃస్థితిని నిర్ణయించే అధికారం ఉపాధ్యాయునికి లేదు. ఒక్క కథ చాలునని నిపుణుడు కూడ అనడు.

అట్లని అన్నిటినీ కల్పన అని తోసివేయరాదు. ఒకే భయం కథకు కథకు తిరిగి వస్తున్నప్పుడు, కథతోపాటు పిల్లవాని నిద్ర, తిండి, స్నేహం, హాజరు మారినప్పుడు, మెల్లగా పలకరించవలసి ఉన్నది. పలకరింపులో చావును గురించిన కోరిక బయటపడితే పిల్లవానిని ఒంటరిగా వదలరాదు. ఆనాడే ఇంటివారిని, వైద్యుని కలుసుకోవాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సహాయవాణి 14416, పిల్లల సహాయవాణి 1098 ఇందుకే ఉన్నవి. పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగినదని తెలిసినా, జరుగవచ్చునన్న భయం కలిగినా పోలీసులకు తెలుపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ప్రతివానికీ విధి. తెలుపకపోవడం నేరం. అందుచేత ‘నీవు వ్రాసినది ఎవరికీ చెప్పను’ అని ఏ ఉపాధ్యాయుడూ మాట ఇవ్వరాదు. ‘నీ అనుమతి లేకుండా తరగతిలో చదవను, నీకు అపాయం ఉన్నదనిపిస్తే మాత్రం నీకు చెప్పి, సహాయం చేయగలవారికి తెలుపుతాను’ అనడమే న్యాయం. నిలబెట్టుకోలేని మాట ఇచ్చి తప్పితే పిల్లవాడు ఇక ఏ పెద్దవానినీ నమ్మడు.

చేయదగినది

ఇన్ని షరతులు పెట్టిన తరువాత కథారచనను వదలివేయడమే మేలా అని అడుగవచ్చును. కాదు. అది మందు కాదు, బలవర్ధకమైన ఆహారం. ఆహారాన్ని మందు అని చెప్పి అమ్మడం ఎంత తప్పో, మందు కాదు గదా అని మాన్పించడం అంత తప్పు. వారానికి ఒక పీరియడు మార్కులు లేని కథకు కేటాయించవచ్చును. ఆ పుస్తకం పరీక్షల పుస్తకం కాకుండా వేరుగా ఉండాలి. విషయం దూరంగా ఉండాలి: పక్షి, వాగు, పాత ఇల్లు, తప్పిపోయిన వస్తువు. ఎవరి కథ వారు చదవవచ్చును, చదవకపోవచ్చును. ఉపాధ్యాయుడు కూడ ఆ పీరియడులో కూర్చొని ఒక కథ వ్రాయాలి. అక్షరదోషాలు మరునాడు పాఠంలో, ఎవరి పేరూ ఎత్తకుండా, నల్లబల్లమీద చెప్పుకోవచ్చును.

పిల్లల కథ చదివి ఇచ్చేటప్పుడు కథ బాగున్నదని గాని, బాగులేదని గాని అనవలసిన పని లేదు. పిచ్చుకపిల్ల కథ వ్రాసిన బాలికను ‘ఆ తరువాత ఆ పిచ్చుకపిల్ల ఏ చెట్టుమీద వాలింది?’ అని అడిగితే చాలును. ఆ బాలిక జవాబు ఆలోచించసాగిందంటే, కథ ముందుకు నడుస్తున్నదన్నమాట.