రాలిపోయే అంకెకు కాపలా

పది కోట్ల ఒకటి, పది కోట్ల రెండు, పది కోట్ల మూడు. వీటి నమూనా ప్రామాణిక విచలనం సరిగ్గా 1. కాగితం కూడా అక్కర్లేని లెక్క. అయినా పాఠ్యపుస్తకాల్లోని సులువు సూత్రాన్ని ఉన్నదున్నట్టు ప్రోగ్రాముగా రాస్తే కంప్యూటరు సున్నా అంటుంది. వర్గాల మొత్తం ఒకచోట, మొత్తానికి వర్గం మరోచోట కట్టి తీసివేసే సూత్రమది.

స్ప్రెడ్‌షీట్ గడిలో సంఖ్యకు దక్కేది 64 బిట్లు. అంకెలు పట్టేది 53 బిట్లలోనే, అంటే దశాంశంలో పదిహేను పదహారు అంకెలు. మొదటి సంఖ్య వర్గం 10000000200000001. పదిహేడో అంకె అయిన ఆ 1 రాలిపోతుంది. మూడో వర్గం చివరి 9 కాస్తా 8 అవుతుంది. తీసివేతలో ముందరి పెద్ద అంకెలన్నీ కొట్టుకుపోతాయి. మనకు కావలసిన జవాబేమో ఆ రాలిన చివర్లోనే ఉంది.

మందు సులువే. ముందు సగటు కట్టాలి. రెండో చుట్టులో ప్రతి సంఖ్యలోంచి సగటు తీసేస్తే మిగిలేవి −1, 0, 1. ఇక రాలడానికేముంది?

అయితే సగటుకు మొత్తం కావాలి, ఆ కూడికలోనూ అంకెలు రాలతాయి. 10000000000000000కి 1 కలిపి, మళ్లీ ఆ పెద్ద సంఖ్యనే తీసేస్తే మామూలు కూడిక సున్నా ఇస్తుంది. లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ఇక్కడ విలియం కాహన్ పద్ధతిని, న్యూమయర్ సవరణతో వాడుతుంది. మొత్తం పక్కనే చిల్లర డబ్బాలాంటి రెండో చలరాశి ఉంటుంది. ప్రతి కూడికలో పెద్దదేదో చూసి, పెద్దదాంట్లోంచి కొత్త మొత్తాన్ని తీసి, చిన్నదాన్ని కలుపుతారు. వచ్చేది సరిగ్గా రాలిన ముక్క. అది డబ్బాలోకి పోతుంది, చివర్లో మొత్తంలో కలుస్తుంది. పోయినదాన్ని పోగొట్టిన తీసివేతతోనే పట్టుకోవడం నాకు ఈ పనిలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం.

న్యూమెరిక్ (Gnumeric) అనే మరో స్ప్రెడ్‌షీట్ కథ వేరు. ఎక్సెల్‌ను అది ఎంత బాగా అనుకరించిందంటే గణాంక ప్రమేయాల తప్పులు కూడా దిగాయి. పరిశోధకుడు బి.డి. మెక్‌కల్లా 1.0.4 రూపంలోని తప్పులు చూపితే, 1.1.2 నాటికి చాలావరకు సరిదిద్దారు. సంభావ్యతా ప్రమేయాలకు 'ఆర్' భాషలో నలిగిన కోడు తెచ్చుకున్నారు. ప్రామాణిక సామాన్య వితరణలో 9కి పైనున్న తోక కావాలంటే 9 దాకా ఉన్న సంభావ్యతను 1లోంచి తీసివేయకూడదు, సున్నా వస్తుంది. పై తోకనే నేరుగా గణిస్తే సుమారు 1.13 × 10⁻¹⁹ అని అసలు విలువ దక్కుతుంది.

లిబ్రేఆఫీస్ మూల కోడులో కాహన్ పేరుతోనే ఒక చిన్న ఫైలుంది. సీ ప్లస్ ప్లస్ కాస్త వచ్చినవాళ్లు తెరిచి చదవండి.