జాకీ ఎత్తుతుంది, స్టాండు మోస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్ కారు ఎత్తే తీరు చూసి తీరాలి. ముందు చదునైన గట్టి నేల చూసుకుంటాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో పెట్టి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మలు పెడతాడు. బండి నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేస్తాడు. తలుపు కింద అంచున కంపెనీ గుర్తుపెట్టిన చోటే జాకీ ఆనిస్తాడు.

అసలు పనితనం ఆ తర్వాతే. జాకీ ఉన్నది ఎత్తడానికి, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో ఒక్క సీలు పాడైనా బండి కిందికి దిగిపోతుంది. అందుకే స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించి, బండిని ఒకసారి ఊపి చూస్తాడు. కదలకపోతేనే కిందికి దూరతాడు. ఇంట్లో పానా పట్టే ప్రతివాళ్లూ నేర్చుకోవలసింది ఆ ఓపికే. ఆ చేతులకు నా నమస్కారం.