ఏ సరుకుకు ఆ ధర?

నల్లపాడు దారిలోని గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం టిక్కీలు (బస్తాలు) పక్కపక్కనే దించి ఉంటాయి. ఒకదాంట్లో కాయ నిగనిగలాడుతూ, గుప్పిట పడితే గలగలమంటుంది. పక్కదాంట్లో తేమ ఆరక కాయ మెత్తగా వంగుతుంది, చెయ్యి లోపలికి పెడితే తాలు కాయలు తగులుతాయి. పేరు ఒకటే అయినా ధర ఒకటి కాదు. మర్నాడు పేపర్లో మాత్రం తేజ గరిష్ఠ ధర అని ఒక్క అంకె వస్తుంది. అది ఆ రోజు మేలిరకం లాటుకు పలికిన రేటు. ఎక్కువ సరుకు ఎంతకు అమ్ముడైందో తెలియాలంటే మోడల్ ధర చూడాలి.

కంపెనీలకు మార్కెట్ సమాచారం సమకూర్చే పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను. అంకెలు వెతకడానికి ముందు ప్రశ్నను సరిచేసుకోవాలన్నది ఆ పనిలో నాకు కుదిరిన నమ్మకం.

మసాలా కంపెనీవాళ్లు వచ్చి, ‘ఈ ఏడాది మిర్చి ఎట్లా ఉంటుందండీ?’ అంటారు. ఆ ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఉండదు. మనమే తిరిగి అడగాలి. మీకు కావాల్సింది ఘాటా, రంగా? ఘాటుకైతే తేజ, రంగుకైతే బ్యాడిగి. ఇప్పుడే వాడతారా, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టి ఆగుతారా? ఇక్కడే అమ్ముతారా, యూరప్ పంపుతారా? యూరప్ అంటే ధర కన్నా ముందు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం సంగతి చూడాలి. అక్కడ మిర్చిలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్నీ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అప్పుడు మన వెతుకులాట కల్లాల మీదికి మళ్లుతుంది. కాయ పట్టాల మీద ఆరిందా, మట్టి మీదా? కోశాక వాన తగిలిందా?

ప్రశ్న కుదిరాక, గుంటూరులో సమాచారానికి కొదవ లేదు. ఎల్‌సీఏ 334 లాంటి మిర్చి రకాలను ఇచ్చిన లాం పరిశోధనా స్థానం ఉంది. ఎగుమతుల లెక్కలకు స్పైసెస్ బోర్డు ఉంది. రోజువారీ సరుకు రాకకూ ధరలకూ అగ్‌మార్క్‌నెట్, 2016లో మొదలైన ఈ-నామ్ ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, చదవడం తెలిస్తే చాలు. మే నెలలో పట్టికలో వరుసగా సున్నాలు కనిపిస్తే కొత్తవాళ్లు సరుకు అయిపోయిందనుకుంటారు. అవి యార్డుకు వేసవి సెలవులు. ఆ రోజుల్లోనూ కోల్డ్ స్టోరేజీల దగ్గర అమ్మకాలు సాగుతూనే ఉంటాయి.

మనుషులు చెప్పే సమాచారానికి ఇంకో జాగ్రత్త కావాలి. ఏసీలో సరుకున్న వ్యాపారికి పంట తగ్గినట్టే కనిపిస్తుంది, కొనాల్సినవాడికి విరగపండినట్టు కనిపిస్తుంది. ఇద్దరి మాటా రాసుకోవాలి. పక్కనే తేదీ, చెప్పినవాళ్ల చేతిలో సరుకు ఉందో లేదో కూడా రాసుకోవాలి. తేలని విషయాన్ని తేలలేదనే నివేదికలో పెట్టాలి. దాన్ని దాచిపెట్టి గట్టిగా చెప్పిన అంచనా కొన్నవాడి కొంప ముంచుతుంది.

ఈ పనితనం కంపెనీల దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. రైతు సంగతి చూడండి. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసింది. 2023లో క్వింటాలు ధర 20 వేల రూపాయలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. కంపెనీ కొనేముందు నిల్వలెంతో, విదేశీ ఆర్డర్లెన్నో ఆరా తీయిస్తుంది. కౌలు రైతు చేతిలో ఉండేది నిరుటి ధర ఒక్కటే. దాన్ని నమ్ముకునే ఎకరానికి లక్షలు పోస్తాడు.

అందుకే నా కోరిక ఇది. ఏ రకం ఎన్ని టిక్కీలు ఏసీల్లో ఉన్నాయో మార్కెటింగ్ శాఖ వారంవారం ప్రకటించాలి. దాని పక్కనే మోడల్ ధర, ఎగుమతుల తీరు ఉండాలి. జూలైలో నారు పోసేలోపు ఆ కాగితం ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలి. కంపెనీలకు ఇన్నాళ్లూ ఈ పని చేసిపెట్టిన మాలాంటివాళ్లం ఆ కాగితం తయారీకి చెయ్యి కలపాలి.