పడి, తూము, మణుగు: పాత తెలుగు అనువాదములో ద్రవపు కొలతలు

అర్పణల లెక్కలున్న అధ్యాయములను మన సంఘములలో చదివి దాటివేయుటే వాడుక. అయితే మన పాత అనువాదకుల పనితనమును చూడగోరువారు సంఖ్యాకాండము 15వ అధ్యాయము దగ్గర ఆగవలెను.

అక్కడ నూనెకును ద్రాక్షారసమునకును హెబ్రీ కొలత 'హీను'. గొఱ్ఱెపిల్లతో హీనులో నాలుగవ వంతు, పొట్టేలుతో మూడవ వంతు, కోడెతో సగము అర్పించవలెను. తెలుగులో ఇవి వరుసగా ముప్పావు, పడి, పడిన్నర. అనగా అనువాదకులు హీనును మూడు పళ్లుగా ఎంచి, భిన్నములన్నిటిని మన నోటిలెక్కలోనికి దించారు. నిర్గమకాండము 30:24లో అభిషేకతైలమునకు ఒక హీను నూనె కావలెను. తెలుగులో మూడు పళ్లు. యెహెజ్కేలు 4:11లో ప్రవక్తకు దినమునకు హీనులో ఆరవ వంతు నీళ్లు, తెలుగులో అరపడి. మూడు గ్రంథములలోను లెక్క తప్పలేదు.

'బత్' విషయములో ఈ జాగ్రత్త నిలువలేదు. యెహెజ్కేలు 45:11 ప్రకారము ధాన్యపు ఏఫా, ద్రవపు బత్ సమానములు. రెండును హోమెరులో పదియవ వంతు. అక్కడ హోమెరునకు 'పందుము' అని వ్రాసిరి. పందుమనగా పది తూములు గనుక ఇంతకంటె తగిన మాట లేదు. యెషయా 5:10లోనైతే అదే హోమెరు తూమెడు, బత్ కుంచెడు, దానితో సమానమైన ఏఫా పడి. విత్తినదానిలో పదియవ వంతే పండునను శాపము ఈ మాటలలో వినబడదు.

లూకా 16:6లో బత్ 'మణుగు' అయినది. మణుగు తూకము, ఎనిమిది వీసెలు. మద్రాసు లెక్కకు 25 పౌనులు, రమారమి 11 కిలోలు. బత్ సుమారు 22 లీటర్లని సాధారణ అంచనా. అంత నూనె 20 కిలోలు తూగును. గృహనిర్వాహకుడు చీటి దిద్దకమునుపే అనువాదము అప్పును దాదాపు సగము చేసినదన్నమాట! 1611లో ఇంగ్లీషు వర్తకులు కొట్టు పెట్టిన మచిలీపట్నము వంటి రేవులలో మణుగు, బారువు టోకు బేరపు మాటలు. నూరు బత్‌ల నూనె కూడ టోకు సరుకే గనుక వర్తకుల మాట తోచినదని మా ఊహ.

ఆ పై వచనములో గోధుమల 'కోరు' తూమైనది. యోహాను 2:6లో కానా రాతిబానల నీళ్ల కొలత 'మెత్రేతేసు' కూడ తూమే. కోరు పది బత్‌లు. మెత్రేతేసు సుమారు 39 లీటర్లు. రెండింటికి ఒకే మాట చాలదు.

గుడివాడ ప్రాంతపు రైతులు పంటను పుట్లలో చెప్పుకొనిన కాలములో, ఇరువది తూములు పుట్టియని, నాలుగు కుంచములు తూమని వినువారే లెక్క కట్టుకొందురు. ఇంట పాలకు, నూనెకు గిద్ద, సోల, తవ్వ ఉండెను. 1956 చట్టముతో, 1958 నుండి మెట్రిక్ కొలతలు దశలవారీగా వచ్చినవి. నేడు దివిసీమ యువజనులకు తూమనగా కాలువ తూమే. రాతిబానలకు కాలువ తూములకు ఏమి సంబంధమని వారడిగిన అది న్యాయమైన ప్రశ్న.

ఇందుకు అంతటను లీటర్లు వేయుట మాకు సమ్మతము కాదు. ముప్పావు, పడి, పడిన్నర అను వరుసను దశాంశములలో వ్రాసినయెడల అర్పణ పెద్దదగుకొలది నూనె పెరుగుట చెవికి అందదు. పళ్లను ఉండనిచ్చి, బత్‌ను అన్నిచోట్ల ఒకే మాటతో చెప్పి, గ్రంథాంతమున పట్టిక చేర్చవచ్చును. లూకా 16లో తగ్గించిన యేబది బత్‌ల నూనె, ఇరువది కోరుల గోధుమలు ఇంచుమించు ఒకే వెలగలవని, ఒక్కొక్కటి 500 దేనారములని యోవాకీము యెరెమియాస్ లెక్కించెను. మణుగులు, తూములు చదువుకొనిన మన ప్రసంగీకులు నూనె బాకీదారునికే ఎక్కువ దయ దొరికెనని బోధించుచున్నారు.